డెబ్బై ఆరో యూనిట్

సోమశిల గేట్లన్నీ ఎత్తేసి, పెన్న ఊళ్ల మీదికి వచ్చిన వరద ఉంది కదా, ఆ వరద తర్వాత మూడో ఎండాకాలంలో నా భార్య ఓబమ్మ చనిపోయింది. మే నెల పదకొండో తారీఖు, శనివారం.

మాది ఆత్మకూరుకు రెండు మైళ్ల దూరంలో కాలనీ. డ్యామ్ కట్టినప్పుడు మా పాత ఊరు నీళ్ల కిందికి పోతే ఇక్కడ స్థలాలిచ్చారు. రెండు గదుల రేకుల ఇల్లు. ఒక ఫ్యాను, రెండు బల్బులు, టీవీ, మా కూతురు కృపారాణి కొనిచ్చిన పాత ఫ్రిజ్. నాకు పన్నెండు మేకలున్నాయి. పొద్దున తోలుకుపోతే సాయంత్రం వస్తాను. ఇంట్లో ఓబమ్మ ఒక్కతే ఉండేది. మోకాళ్లు పట్టేసి వీధి చివరిదాకా కూడా నడవలేకపోయేది.

నేను మిషను బడిలో మూడో తరగతి దాకా చదివాను. అంకెలు తెలుసు. కూడటం, తీసెయ్యటం తెలుసు. ఆ కాస్త చదువుతో కాలనీలో కరెంటు బిల్లు చదివే మనిషినయ్యాను.

అది ఎట్లా అయిందంటే, కరోనాకు ముందు ఏడు ఒకరోజు నా బిల్లూ పక్కింటి రోశమ్మ బిల్లూ అరుగు మీద పక్కపక్కన పెట్టి చూశాం. ఆమెవి డెబ్బై అయిదు యూనిట్లు. నావి డెబ్బై ఆరు. డబ్బులు చూస్తే నాకు అరవై రూపాయలు ఎక్కువ.

"ఒక్క యూనిట్‌కి అరవయ్యా? నీ మీటరు బంగారంతో చేసినారా ఏంది మామా?" అంది రోశమ్మ.

లైన్‌మన్ పాల్‌ను అడిగాను. పాల్ మా చర్చివాడే. నన్ను పెదనాయనా అని పిలుస్తాడు. అతను బిల్లు రెండుసార్లు తిప్పి చూసి చెప్పాడు.

"డెబ్బై అయిదు దాకా ఒక గ్రూపు పెదనాయనా. దాటినావంటే ఇంకో గ్రూపు. ఆ డెబ్బై ఆరోదానికి మాత్రమే కాదు, మొదటి యూనిట్ నించి అన్నిటికీ రేటు మారిపోతాది."

ఆ మాట నా తలలో నాటుకుపోయింది. ఆ నెల నుంచి, బిల్లు కొట్టిన రోజున మీటరులో ఉన్న అంకెకు డెబ్బై అయిదు కలిపి, సుద్దముక్కతో మీటరు పక్కన గోడ మీద రాసేవాణ్ణి. మీటరు ఆ అంకెకు దగ్గరయ్యేసరికి ఫ్యాను, టీవీ, ఫ్రిజ్ అన్నీ బందు. రోశమ్మ గోడ మీద కూడా నేనే రాసిపెట్టేవాణ్ణి. ఇంకో ఏడెనిమిది ఇళ్లవాళ్లు పిలిచి రాయించుకున్నారు. కాలనీలో నాకు డెబ్బైఅయిదు మామ అని పేరొచ్చింది.

ఎదురు వరసలో కొన్ని ఇళ్లకు ఈ తిప్పలు లేవు. ఎస్సీలకిచ్చే ఉచితం కింద వాళ్లకు రెండు వందల యూనిట్ల దాకా బిల్లు లేదు. వాళ్లూ మేమూ అన్నదమ్ముల బిడ్డలమే. కానీ మా కాగితాల్లో క్రైస్తవులమని ఉంది. ఆ కాగితానికి ఆ ఉచితం రాదు.

"ఆ ఒక్క మాట మార్పించుకుంటే ఏం పోతాదయ్యా? మనకూ ఫ్యాను తిరగతాది" అనేది ఓబమ్మ.

"కాగితంలో అబద్ధం రాయించను" అన్నాను. నేను మాట్లాడేదే తక్కువ. అన్న తర్వాత ఇంక ఆ మాట ఎత్తనిచ్చేవాణ్ణి కాదు.

వరద వచ్చిపోయిన తర్వాత బిల్లులు పెరిగాయి. అవే డెబ్బై అయిదు యూనిట్లు, డబ్బులు మాత్రం ఎక్కువ. సర్దుబాటు చార్జీలని ఒక వరస, ఇంకేదో అని ఇంకో వరస. రేట్లే ఇట్లా ఉంటే గ్రూపు దాటితే ఎంత పడుతుందో అనుకున్నాను. ఇంకా గట్టిగా పట్టుకున్నాను. దాటి చూసింది లేదు. ఎవర్నీ అడిగిందీ లేదు.

ఓబమ్మ స్విచ్చి ఆపుచేస్తే ఆగే మనిషి కాదు. నేను మేకల్ని తోలుకుని వీధి మలుపు తిరగ్గానే ఫ్యాను వేసుకునేది. సాయంత్రం మీటరు చూస్తే నాకు తెలిసిపోయేది.

"వేసినావా?"

"గాలికి అదే తిరిగిందేమో. నన్నెందుకు అడుగుతావు?" అనేది నవ్వుతూ.

అందుకని బిల్లు కొట్టే ముందు రోజుల్లో మేకలకు బయల్దేరేటప్పుడు మీటరు కింద ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకునేవాణ్ణి. మళ్లీ సాయంత్రం వచ్చి పెట్టేవాణ్ణి. రోశమ్మ చూసి, "మామ తాళిబొట్టు తాకట్టు పెట్టేవాడి మాదిరి జేబు పట్టుకుని పోతా ఉండాడే అత్తా" అని ఎగతాళి చేసింది ఒకసారి. ఓబమ్మ, "నాకంటే దాన్నే భద్రంగా చూసుకుంటాడులే" అంది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. నేనూ కొంచెం నవ్వాననే గుర్తు.

మామూలుగా ఏడో తారీఖుకు రీడింగు తీసే తిరుపాలు వచ్చి బిల్లు కొట్టి పోతాడు. ఆ మే నెలలో రాలేదు. మర్రిపాడు దారిలో బండి మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడట. ఇంకొకరు వస్తారన్నారు, ఎప్పుడో తెలియదన్నారు. ఏడో తారీఖుకే లెక్క డెబ్బై రెండు యూనిట్లకు వచ్చింది. మూడు యూనిట్లతో ఎన్నాళ్లు నెట్టాలో తెలియదు. రాత్రి ఒక్క బల్బు, పడక బయట. పగలు ఫ్యూజు నా జేబులో.

ఎండ అంటే మామూలు ఎండ కాదు అది. రేకుల కింద బిందెలో నీళ్లు కూడా కాగి ఉండేవి.

శనివారం పొద్దున బయల్దేరేటప్పుడు ఓబమ్మ గడప మీద కూర్చుని ఉంది. తడిగుడ్డ మెడకు చుట్టుకుంది.

"ఈ ఒక్కరోజు పెట్టిపోరాదా" అంది.

"ఒక్క యూనిట్ ఉండాది."

"ఆ ఒక్కటి నాకియ్యి."

నేను ఫ్యూజు పీకాను.

"పరలోకంలో మీటరు ఉండదంట. పాస్టరయ్యని అడిగి కనుక్కున్నాలే" అంది.

"కనుక్కున్నావా" అన్నాను. అంతే. మేకలు అప్పటికే వీధి చివరికి పోయాయి. వాటి వెనక పోయాను.

ఆ రోజు మేకలు కూడా మెయ్యలేదు. చెట్టు కింద నుంచి కదల్లేదు. నాలుగు గంటలప్పుడే తోలుకొచ్చేశాను. కూలిపనికి పోయిన రోశమ్మ అప్పుడే వచ్చినట్టుంది, మా గుమ్మంలో నిలబడి అత్తా అత్తా అని అరుస్తోంది.

ఓబమ్మ నేల మీద పడి ఉంది, సరిగ్గా ఫ్యాను కింద. ఒళ్లు ముట్టుకుంటే కాలిన పెనం లాగా ఉంది. చెమట లేదు. ఊపిరి ఉందో లేదో నాకు తెలియలేదు.

"ఆటో పిలుచుకొస్తాను" అని రోశమ్మ పరిగెత్తింది.

నేను ఫ్యూజు తీసి పెట్టాను. ఆ పని ఎందుకు చేశానో చెప్పలేను. గాలి తగిలితే లేస్తుందనుకున్నానేమో. పెట్టగానే ఫ్యాను తిరిగింది. నేను స్విచ్చి వెయ్యలేదు. స్విచ్చి అప్పటికే వేసి ఉంది. ఓబమ్మ వేసింది. కరెంటు రాదని తెలిసి కూడా వేసి, దాని కింద పడుకుంది.

రోశమ్మ ఆటోవాణ్ణి తీసుకొచ్చేసరికి ఫ్యాను బాగా తిరుగుతోంది. దాన్ని చూసింది.

"ఏంది మామా, నేను వచ్చినప్పుడు ఫ్యాను ఆగిపోయి ఉండింది గదా. కరెంటు ఎప్పుడొచ్చింది?"

"ఇప్పుడే" అన్నాను.

ఒక్క మాట. ఫ్యూజు బిల్లు కొట్టే ముందు రోజుల్లోనే పీకుతానని రోశమ్మకు తెలుసు. తిరుపాలు పడిన సంగతి ఆమెకు అప్పటికి తెలియదు; ఏడో తారీఖు దాటింది కాబట్టి, తను కూలికి పోయినప్పుడు బిల్లు కొట్టేసి ఉంటారనుకుంది. నన్ను నమ్మింది.

ఆత్మకూరు ఆస్పత్రిలో డాక్టరు వడదెబ్బ అన్నాడు. తెచ్చేలోపే ప్రాణం పోయిందన్నాడు.

కృపారాణి ఉదయగిరిలో ఉంటుంది. మొగుడు హెన్రీకి అక్కడ టైర్ల పంక్చర్ షాపు, ఆమెది కుట్టు మిషను. రాత్రికి ఇద్దరూ వచ్చారు. తల్లి మీద పడి ఏడ్చి, ఏడ్చి, తెల్లవారేసరికి కోపంలోకి వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి అడిగింది. ఆ రోజు అందరి ఇళ్లలోనూ కరెంటు ఉంది. మా ఇంట్లోనే ఫ్యాను ఆగిపోయి ఉందని రోశమ్మ చెప్పింది. పోయిన నెల గాలివానకు మా స్తంభం దగ్గర తీగ నిప్పురవ్వలు రాలిస్తే పాల్ వచ్చి బిగించిపోయాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

"ఆ తీగే ఊడింది. సరిగ్గా బిగించలా. బిగించి ఉంటే మా అమ్మ బతికేది" అంది. సమాధి తోటలో అందరి ముందరా పాల్ మొహం మీదే అంది.

పాల్ శవపెట్టె మోస్తున్నాడు అప్పుడు. ఓబమ్మ కాళ్ల వైపు భుజం పట్టాడు. "నేను గట్టిగానే చుట్టినా అక్కా" అని మాత్రం అన్నాడు. దించిన తర్వాత మన్ను కూడా వెయ్యకుండా పక్కకు పోయి నిలబడ్డాడు.

నేను అక్కడే ఉన్నాను. నోరు తెరవలేదు. నేను మాట్లాడని మనిషినని అందరికీ తెలుసు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

మంగళవారం మూడోనాటి ప్రార్థనకు జనం ఇంటి నిండా ఉన్నప్పుడు రీడింగు తీసేవాడు వచ్చాడు. కొత్తవాడు. బిల్లు కొట్టే మిషను మీటరుకు చూపించి కాగితం చింపి గుమ్మంలో నిలబడినవాళ్ల చేతికిచ్చి పోయాడు. శనివారం రాత్రి నుంచి ఇంట్లో మా ఫ్యాను, అడిగి తెచ్చిన ఫ్యాన్లు, లైట్లు రాత్రీ పగలూ ఆగలేదు. ఎంతయ్యిందో చూడాలనిపించలేదు. ఉదయగిరికి తిరిగి పోయేటప్పుడు కృపారాణి, "కరెంటు ఆఫీసులో పాల్ మీద కాగితం రాసిచ్చినాను నాయనా. వాణ్ణి వదలను" అంది. నేను తలూపాను.

బిల్లు కట్టే గడువు దగ్గరకొచ్చిన రోజున కాగితం తీశాను. ఎనభై నాలుగు యూనిట్లు. ఇన్నేళ్లలో మొదటిసారి దాటింది. పోయిన నెల కాగితం తెచ్చి అరుగు మీద పక్కన పెట్టాను. పోయిన నెల డెబ్బై అయిదుకు రెండు వందల డెబ్బై రెండు రూపాయలు. ఈ నెల మూడు వందల పందొమ్మిది.

తీసివేసి చూశాను. నలభై ఏడు. మళ్లీ తీసివేశాను. తొమ్మిది యూనిట్లకు నలభై ఏడు. అప్పట్లో ఒక్క యూనిట్‌కే అరవై పడింది.

ఎక్కడో తప్పు కొట్టారనుకున్నాను. తప్పే కావాలని నా మనసులో ఎంత గట్టిగా ఉందంటే, బిల్లు తక్కువ వచ్చిందని పోట్లాడటానికి పోయినవాణ్ణి ఆత్మకూరు తాలూకాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

పాల్ కాలనీ చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నీడలో కూర్చుని క్యారేజీలో అన్నం తింటున్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

"తిను" అన్నాను. తినేదాకా నిలబడి, చెయ్యి కడుక్కున్న తర్వాత రెండు కాగితాలూ ఇచ్చాను. "ఇది తప్పు. గ్రూపు మారాల. మారలా."

పాల్ కాగితాలు చూశాడు. "సరిగ్గానే ఉండాది పెదనాయనా. మొదటి ముప్పైకి రూపాయి తొంభై. ఆ పైన డెబ్బై అయిదు దాకా మూడు రూపాయలు. అక్కడి నించి నాలుగున్నర. నీవి తొమ్మిది దాటినాయి. తొమ్మిది నాలుగున్నరలు నలభై రూపాయల యాభై పైసలు. మిగతా ఆరో ఏడో సర్దుబాటు."

"ముందటి డెబ్బై అయిదుకు?"

"వాటి రేటు వాటిదే. అవి కదలవు."

"గ్రూపు?"

"గ్రూపులు ఇప్పుడు లేవు గదా. తీసేసినారు. వరదొచ్చిన మర్సటి ఎండాకాలం నించే లేవు. రెండేళ్లు దాటింది." కాగితాలు మడిచి ఇచ్చాడు. "నువ్వింకా గోడ మీద రాస్తా ఉండావా?"

"నువ్వు చెప్పలా."

"నువ్వు అడగలా పెదనాయనా. నువ్వు ఎవురినీ ఏదీ అడగవు. నీకంతా తెలుసనే మేమూ అనుకుంటిమి."

నేను ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీద కూర్చున్నాను. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఫ్యాను తిరిగితే అర యూనిట్ అవుతుంది. అది నాకు ఎప్పటి నుంచో తెలుసు. మిగిలిన లెక్క ఇప్పుడు తెలిసింది. నాలుగున్నరలో సగం, రెండు రూపాయల పావలా. పైగా ఆ శనివారానికి నాకు ఇంకా ఒక యూనిట్ మిగిలి ఉంది కాబట్టి ఆ రెండు రూపాయల పావలా కూడా కాదు. మూడు రూపాయల్లో సగం, రూపాయిన్నర.

కొండంత ఖర్చును ఆపుతున్నానని అనుకుంటూ వచ్చాను. ఆ అరవై రూపాయలన్నా ఉండి ఉంటే దేవుడి ముందు చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండేది.

పాల్ క్యారేజీ సర్దుకుంటున్నాడు. నా వైపు చూడకుండా మాట్లాడాడు.

"సోమవారం విచారణకు పిలిచినారు. నాది కాంట్రాక్టు ఉద్యోగం పెదనాయనా. తీసెయ్యాలంటే వాళ్లకు ఒక్క సంతకం. ఆ తీగ నేను గట్టిగానే బిగించినా. మొన్న నిచ్చెనేసుకుని పోయి మళ్లీ చూసినా. కదల్లా. ఊడి, దానంతట అది అతుక్కునే తీగ యాడన్నా ఉంటాదా?"

నేను చేతిలోని కాగితాలు ఇంకో మడత పెట్టాను.

"ఓబమ్మ పెద్దమ్మ నాకు చిన్నప్పుడు ఆదివారం బడిలో పాటలు నేర్పింది. రాత్రిళ్లు నిద్ర పట్టటంలా. ఒకవేళ నా తప్పేనేమో అనిపిస్తా ఉండాది. అందరూ అంటా ఉంటే మనకే అనుమానం వస్తాది గదా." అప్పుడు నా వైపు చూశాడు. "నువ్వు వచ్చేసరికి ఫ్యాను ఆగి ఉండాదా, తిరగతా ఉండాదా? నువ్వు చెప్తే నేను నమ్ముతా."

ఆగి ఉంది అన్నా నిజమే. తిరుగుతోంది అన్నా నిజమే. ఆ రెంటి మధ్య ఉన్నది నా నోటికి రాలేదు.

"ఇంటికి పో పాల్. ఎండగా ఉండాది" అన్నాను.

లేచి వచ్చాను. రోశమ్మ అరుగు మీద విసనకర్రతో విసురుకుంటూ కూర్చుని ఉంది. ఆమె గోడ మీద నా చేతిరాతతో అంకె ఉంది. ఇంట్లో ఫ్యాను ఆపేసి ఉంది.

"ఇంకా ఇరవై యూనిట్లే ఉండాయి మామా. తిరుపాలు చెయ్యి బాగయ్యిందంటనా?" అంది.

"ఫ్యాను వేసుకో."

"దాటిపోతే?"

"దాటనీ. ఏం కాదు. నేను చెప్పింది తప్పు" అన్నాను.

రోశమ్మ విసనకర్ర ఆపి నా మొహంలోకి చూసింది. నేను తప్పు అన్న మాట ఆమె ఎప్పుడూ విని ఉండదు. లేచి లోపలికి పోయి స్విచ్చి వేసింది. ఆ చప్పుడు విని నేను మా ఇంట్లోకి పోయి తలుపు వేసుకున్నాను. ఆ సాయంత్రం మేకలకు నీళ్లు కూడా రోశమ్మే పెట్టింది.

మరుసటి పొద్దున మేకల్ని ఆమెకు అప్పజెప్పి మొదటి బస్సుకే ఉదయగిరి పోయాను. దిగేసరికి దుర్గం కొండ మీద అప్పుడే ఎండ పడుతోంది. హెన్రీ షాపు ఇంకా తెరవలేదు. కృపారాణి వసారాలో మిషను ముందు కూర్చుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతోంది. పక్కన నీలంరంగు గుడ్డ కుప్పగా పోసి ఉంది.

"ఏంది నాయనా, చెప్పాపెట్టకుండా వచ్చినావు? కూర్చో. ఈ ఒక్క కుట్టు వేసి కాఫీ పెడతాను" అంది, తల ఎత్తకుండా.

నేను కూర్చోలేదు.

"ఆ రోజు కరెంటు పోలా అమ్మా. పాల్ తప్పేం లేదు. ఫ్యూజు నేనే పీకి జేబులో వేసుకుపోయినాను" అన్నాను.

మిషను చప్పుడులో ఆమెకు వినపడలేదు. కుట్టు చివరిదాకా తోలి, దారం తెంపి, నా వైపు తిరిగింది.

"ఏందో అంటివే?"

రెండోసారి చెప్పాను.